ఇల్లు మోసే దూలం



ఈరోజు మన కాళ్ల కిందే ఉండి మన కంటపడని ఒక వస్తువు గురించి మాట్లాడతాను. అమెరికాలో మనం ఉండే ఇళ్లలో ఎక్కువ భాగం చెక్కతో కట్టినవే. పైన కార్పెట్ ఉన్నా, హార్డ్‌వుడ్ ఉన్నా, టైల్స్ ఉన్నా, దాని కింద ప్లైవుడ్డో పలకలో ఉంటాయి. ఆ పలకల కింద సాధారణంగా పదహారేసి అంగుళాల ఎడంలో వరసగా చెక్క దూలాలు ఉంటాయి. ఇక్కడి వడ్రంగులు వాటిని జాయిస్టులంటారు. మన మంచాలు, సోఫాలు, బీరువాలు, పూజామందిరం, మనం, మన ఇంటికొచ్చే చుట్టాలు, అందరి బరువూ ముందు వాటి మీదే పడుతుంది. ఇల్లు పాతబడే కొద్దీ వాటిలో ఒకటో రెండో నడుం వంచుతాయి. రెనొవేషన్ మొదలుపెట్టి కింది సీలింగ్ విప్పిన రోజున ఆ సంగతి బయటపడుతుంది. అప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. అంతకంటే ముందు, ఆ దూలం ఎందుకు కుంగిందో తెలుసుకోవాలి. కారణం తెలియకుండా చేసే మరమ్మతు నిలవదు.

ఈ జబ్బు ఈ దేశాధ్యక్షుడి ఇంటికే వచ్చింది. ఆ కథతో మొదలుపెడతాను.

1948లో హ్యారీ ట్రూమన్ వైట్‌హౌస్‌లో ఉంటున్నాడు. ఆయన కూతురు మార్గరెట్ సంగీతం నేర్చుకున్న అమ్మాయి. పై అంతస్తులో ఆమె గదిలో ఉన్న పియానో కాలు ఒకటి నేలను చీల్చుకుని కిందికి దిగిపోయింది. ఆ నేల కింద కుటుంబం భోజనం చేసే గది ఉంది. అంతకుముందు నుంచే ట్రూమన్‌కు అనుమానంగా ఉంది. నడుస్తుంటే నేల ఊగేది. విందులప్పుడు జనం పోగైతే బ్లూ రూమ్‌లో వేలాడే దీపాల గుత్తి కదిలేది. ఇంజనీర్లు వచ్చి గోడలు, నేలలు విప్పి చూశారు. చూసినవాళ్లు కంగారుపడ్డారు. 1948 నవంబరులో ట్రూమన్ కుటుంబం ఎదురుగా వీధి అవతల ఉన్న బ్లెయిర్ హౌస్‌కు మారిపోయింది. తిరిగి సొంత గదుల్లో అడుగుపెట్టింది 1952 మార్చి 27న.

ఆ దూలాలకు ఏమైంది? ఒకరోజులో, ఒకరి చేతిలో పాడైనవి కావవి. 1814లో బ్రిటిష్ సైన్యం ఆ భవనాన్ని తగలబెట్టింది. మొదట కట్టిన జేమ్స్ హోబన్ చేతుల మీదుగానే లోపలిభాగం మళ్లీ లేచింది, 1817లో కాపురానికి సిద్ధమైంది. ఆ తర్వాత సౌకర్యాలు ఒక్కొక్కటే వచ్చాయి. 1833లో గొట్టాలతో నీళ్లు వచ్చాయి. 1848లో గ్యాసు దీపాలు వచ్చాయి. 1891లో కరెంటు వచ్చింది. మధ్యలో వేడిగాలి గొట్టాలు, స్నానాల గదులు వచ్చాయి. గొట్టం పోవాలంటే దారి కావాలి. దారిలో దూలం అడ్డొస్తే పనివాడు దాన్ని కోశాడు. ఇంకో పనివాడు ఇంకో చోట కోశాడు. 1902లో థియోడోర్ రూజ్‌వెల్ట్ కాలంలో విందుల గది చిన్నదైపోయిందని బరువు మోసే గోడ ఒకదాన్ని తీసేసి గదిని పెద్దది చేశారు. 1927లో కూలిడ్జ్ కాలంలో పాత అటక తీసేసి ఉక్కుతో, కాంక్రీటుతో మూడో అంతస్తు లేపారు. ఆ కొత్త బరువు కింద ఉన్న పాత గోడల మీద, పాత దూలాల మీద పడింది.

ఇందులో ఏ ఒక్క పనీ దురుద్దేశంతో చేసింది కాదు. నీళ్లు కావాలి, వెలుతురు కావాలి, అతిథులకు చోటు కావాలి. ప్రతి కోతకూ ఒక మంచి కారణం ఉంది. నూట ముప్ఫై ఏళ్లలో ఆ మంచి కారణాలన్నీ కలిసి ఆ ఇంటి నడుం విరిచాయి.

ఈ కథలో మనం పట్టుకోవాల్సిన మాట ఇదే. కుంగిన దూలం వెనక ఎప్పుడూ ఒక చరిత్ర ఉంటుంది. మన ఇళ్లలోనూ అదే జరుగుతోంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, మెట్లెక్కలేరు, అందుకని కింది గది పక్కన బాత్‌రూమ్ కట్టిస్తాం. కట్టించాల్సిందే. ఐతే టాయిలెట్ కింది గొట్టం వెడల్పు మూడంగుళాలకు తక్కువుండదు. ఆ గొట్టానికి దారి చేసేవాడు దూలాన్ని ఎక్కడ కోస్తున్నాడో మనం చూడం. వంటిల్లూ హాలూ కలిసి ఉంటే బాగుంటుందని నడుమ గోడ తీయిస్తాం. ఆ గోడ పైఅంతస్తును మోస్తోందో లేదో అడగం. బేస్‌మెంట్‌లో సినిమా గది కోసం అడ్డంగా ఉన్న ఇనుప స్తంభాన్ని పక్కకు జరపమంటాం. 1902లో విందుల గదికి చేసిన పని, మన వంటింటికి మనం చేయించే పని ఒకటే జాతివి.

మన ఊళ్లలో పాత పెంకుటిళ్లలో ఈ చిక్కు ఇంతగా ఉండేది కాదు. మంచం మీద వెల్లకిలా పడుకుంటే దూలం, వాసాలు కళ్లెదురుగా ఉండేవి. చెదపురుగు మట్టిగీత కనిపించినా, చిన్న పగులు విచ్చినా, ఇంట్లో పెద్దవాళ్లు మొదట పట్టేవాళ్లు. వడ్రంగికి కబురు వెళ్లేది. అతను వచ్చి ముందు ఊతకర్ర నిలబెట్టి ఆ తర్వాతే ఉలి తీసేవాడు. ఇక్కడి ఇళ్లలో దూలం కింద డ్రైవాల్, పైన కార్పెట్. అది ఎంత బాధపడుతున్నా మనకు కనిపించదు. అందుకే ఇక్కడ దాని పనితీరు కాస్త తెలుసుకుని ఉండడం అవసరం.

దూలం పనితీరు చాలా సూటిగా ఉంటుంది. మీద బరువు పడినప్పుడు దాని పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. ఎత్తులో సరిగ్గా నడుమ ఉన్న చెక్కకు వంపు వల్ల వచ్చే ఒత్తిడి తక్కువ. పొడవులో చూస్తే మధ్యభాగానికి వంపు ఎక్కువ, చివరలకు తక్కువ. దీన్నిబట్టి ఏ కోత ప్రమాదమో మీరే చెప్పగలరు. దూలం పొడవుకు నట్టనడుమ, కింది అంచున గాటు పెడితే అది అన్నిటికన్నా చెడ్డ కోత. అదే చోట ఎత్తుకు నడుమ చిన్న రంధ్రం చేస్తే అంత హాని లేదు.

అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే ఇళ్ల నిర్మాణ కోడ్ ఇదే విషయాన్ని అంకెల్లో చెబుతుంది. మామూలు రంపపుకోత చెక్క దూలంలో గాటు లోతు దూలం ఎత్తులో ఆరో వంతు మించకూడదు. పొడవును మూడు భాగాలు చేస్తే మధ్యభాగంలో అసలు గాటు ఉండకూడదు. రంధ్రం ఎత్తులో మూడో వంతు మించకూడదు. పై అంచుకూ కింది అంచుకూ రెండేసి అంగుళాల చెక్క మిగలాలి. ఎందుకింత పట్టుదల అంటే, దూలం బలం దాని ఎత్తు మీద విపరీతంగా ఆధారపడుతుంది. ఎత్తు రెట్టింపైతే వంగకుండా నిలిచే గుణం ఎనిమిది రెట్లవుతుంది. ఎత్తులో నాలుగో వంతు కోసేస్తే ఆ చోట బలం దాదాపు సగానికి పడిపోతుంది. కోసినవాడు పావువంతే కోశాననుకుంటాడు, పోయింది మాత్రం సగం.

ఇక బరువు సంగతి. కోడ్ ప్రకారం హాలు, వంటిల్లు లాంటి గదుల నేల చదరపు అడుగుకు 40 పౌన్ల చొప్పున మనుషుల, సామాన్ల బరువు మోయాలి. పడకగదులకు 30 పౌన్లు చాలు. పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు ఉన్న గది తీసుకోండి. 180 చదరపు అడుగులు. 40తో గుణిస్తే 7200 పౌన్లు. సత్యనారాయణ వ్రతానికో, బొమ్మల కొలువు పేరంటానికో ఆ గదిలో నలభై మంది పట్టారనుకోండి. మనిషికి సగటున 160 పౌన్లు వేసుకున్నా 6400 పౌన్లు. దూలాలు ఆరోగ్యంగా ఉంటే ఆ బరువు వాటికి ఒక లెక్క కాదు, వాటిని అందుకోసమే లెక్కకట్టి వేశారు. కానీ వాటిలో రెండింటికి గొట్టం కోసం గాట్లు పడి ఉంటే, ఇంకొకదాని కొస నానిపోయి ఉంటే, పండగరోజే వాటికి పరీక్ష.

కొంత బరువు వచ్చిపోయేది కాదు, పెట్టాక అక్కడే ఉండేది. మూడు సెంటీమీటర్ల మందం గ్రానైట్ బల్ల చదరపు అడుగుకు ఇంచుమించు 18 పౌన్లు తూగుతుంది. చేపల తొట్టెలో గాలన్ నీళ్లు 8 పౌన్ల పైచిలుకు. 75 గాలన్ల తొట్టె అంటే నీళ్లే 600 పౌన్లు దాటుతాయి. చెక్కకు ఒక గుణం ఉంది. ఏళ్ల తరబడి ఒకే బరువు మోస్తే, ఆ వంపు కొంత దాని ఒంట్లో ఇంకిపోతుంది. బరువు తీసేసినా పూర్తిగా పైకి లేవదు. పాత ఇంట్లో నేల కాస్త పల్లంగా ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు. ఎంత పల్లం, ఇంకా పెరుగుతోందా లేదా అన్నది చూడాలి. బరువు పడినప్పుడు నేల వంగడానికి కోడ్ ఇచ్చే హద్దు, దూలం పొడవులో 360వ వంతు. పన్నెండడుగుల దూలానికి అది అంగుళంలో సగం కన్నా తక్కువ. అంగుళం, అంగుళంన్నర పల్లం పడి ఉంటే, అందులోనూ ఏటేటా పెరుగుతుంటే, దానికి కారణం వెతకాల్సిందే.

ఇప్పుడు వెతకడం ఎలాగో చెబుతాను. పైనుంచి మొదలుపెట్టండి. తలుపు ఈమధ్యే పట్టేస్తోందా? గోడ అడుగుపట్టీకీ నేలకూ మధ్య సందు విడిందా? గుమ్మం మూల నుంచి గోడలో ఏటవాలు పగులు వచ్చిందా? ఆ పైన కిందికి దిగండి. ఒక దారం ఆ కొస నుంచి ఈ కొసకు దూలం పొడవునా బిగించి కట్టి, నడుమ ఎంత ఎడం ఉందో కొలవండి. లేజర్ ఉంటే మరీ మంచిది. కొలిచిన అంకె, తేదీ ఆ చెక్క మీదే పెన్సిలుతో రాయండి. కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిస్తే పెరుగుతోందో లేదో తేలుతుంది.

తర్వాత దూలం కొసలు చూడండి. పునాది గోడ మీద ఆనిన చోట చెక్క మొదట నానుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గట్టి చెక్క ఎదురు తిరుగుతుంది, చివికిన చెక్క లోపలికి దిగనిస్తుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి ఉందంటే నీరెక్కడి నుంచో వస్తోందని అర్థం. తేమ ఇంకా పెరిగి 30 శాతం దగ్గరకు వెళ్లి అక్కడే నిలిస్తే చెక్కను తినే బూజు స్థిరపడుతుంది. పునాది గోడ మీద పెన్సిల్ మందాన మట్టిగొట్టాలు పాకి ఉంటే చెదలు. అప్పుడు వడ్రంగి కన్నా ముందు చెదల మందువాడు రావాలి. ఇవేవీ లేకపోతే నడుమ పెద్ద దూలాన్ని మోసే స్తంభం అడుగు చూడండి. స్తంభం కింద సరైన పునాది లేక అది దిగబడితే, పైన జాయిస్టులన్నీ నిక్షేపంగా ఉన్నా నేల కుంగుతుంది. జాయిస్టుకు కట్టుకట్టి స్తంభాన్ని వదిలేస్తే పుండు ఒకచోట, మందు ఒకచోట అయినట్టే.

అన్ని ఊళ్లలోనూ ఒకటే ఇల్లు ఉండదని కూడా గుర్తుంచుకోండి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్, షికాగో చుట్టుపక్కల బేస్‌మెంట్‌లు ఎక్కువ, దూలాలు కిందికి వెళ్లి చూడొచ్చు. బే ఏరియాలో చాలా పాత ఇళ్లకు నేల కింద పాకుతూ వెళ్లేంత ఇరుకు జాగా ఉంటుంది. అక్కడ మట్టి నుంచి లేచే తేమ పెద్ద శత్రువు, మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ పరచడం మొదటి వైద్యం. డాలస్ పరిసరాల్లో ఇళ్లు చాలావరకు కాంక్రీటు పలక మీద నిలబడినవి. అక్కడి నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. ఆ ఇళ్లలో కింది అంతస్తు వాలితే అది జాయిస్టు సమస్య కాదు, పునాది సమస్య. దానికి వేరే నిపుణుడు కావాలి.

కారణం నీరైతే ముందు నీరు ఆపాలి. ఈ వరస మార్చకూడదు. చూరు నీటిగొట్టం పునాది పక్కనే కక్కుతుంటే దాన్ని దూరంగా పొడిగించాలి. ఇంటి చుట్టూ మట్టి ఇంటివైపు కాకుండా బయటికి వాలుగా ఉండాలి. టాయిలెట్ అడుగున మైనపు రింగ్ పాడైతే నీరు బొట్టుబొట్టుగా, మనకు తెలియకుండానే చేరుతుంది. డిష్‌వాషర్ వెనక కీలు కారుతుంటే వంటింటి మూల దూలం నానుతుంది. తడి ఆగి, చెక్క ఆరాకే మరమ్మతు. తడిచెక్క పక్కన కొత్తచెక్క పెడితే కొన్నేళ్లకు రెండూ చివుకుతాయి.

ఇక ఎత్తడం. ఓపిక కావాల్సిన చోటు ఇదే. కుంగిన దూలం కింద అడ్డంగా ఒక తాత్కాలిక దూలం పెడతారు, అటూఇటూ ఉన్న జాయిస్టులు కూడా దాని మీదికి వచ్చేలా. దాని కింద జాక్ స్తంభాలు నిలబెడతారు. బేస్‌మెంట్ కాంక్రీటు నేల మందం నాలుగంగుళాలో, ఇంకా తక్కువో ఉంటుంది. జాక్‌ను నేరుగా దాని మీద పెడితే పగులుతుంది. కింద వెడల్పాటి బలమైన దిమ్మలు వెయ్యాలి. కారుకు వాడే హైడ్రాలిక్ జాక్‌తో ఎత్తినా, ఎత్తిన బరువును దాని మీదే ఉంచి కిందికి వెళ్లకూడదు. లోపలి నూనె జారితే జాక్ కుంగుతుంది. ఎత్తగానే మరతో బిగించే ఉక్కు స్తంభాలు పక్కన నిలబెట్టి బరువు వాటికి అప్పగించాలి.

ఒకసారికి అంగుళంలో ఎనిమిదో వంతు. అంతే. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఆగాలి. ఏళ్లపాటు మెల్లగా వంగిన చెక్కను ఒక పూటలో నిటారుగా చెయ్యబోతే పైన గోడలు పగులుతాయి, నీళ్ల గొట్టాల కీళ్లు విడుతాయి, కిటికీ అద్దాలు చిట్లుతాయి. మెల్లగా ఎత్తితే ఇల్లు మొత్తం సర్దుకుంటుంది. ప్రతి ఎత్తు తర్వాతా పైకి వెళ్లి తలుపులన్నీ తీసి వేసి చూడాలి. ఏళ్లుగా బాగా పడుతున్న తలుపు ఇప్పుడు పట్టేస్తే ఎత్తడం ఆపెయ్యాలి. నేల అద్దంలా సమతలం కావాలని పట్టుబట్టొద్దు. కుంగడం ఆగి, నడిచేటప్పుడు నేల గట్టిగా ఉంటే ఆ మరమ్మతు గెలిచినట్టే.

ఎత్తిన దూలం పక్కన తోడుగా కొత్త దూలం వెయ్యాలి. ఇక్కడి పనివాళ్లు దీన్ని సిస్టరింగ్ అంటారు. కొత్త దూలం పాతదంత ఎత్తు ఉండాలి, ఆ కొస నుంచి ఈ కొస దాకా ఉండాలి. దాని రెండు కొసలూ పాత దూలం ఆనిన చోటే ఆనాలి. చెక్క మీదైతే కనీసం అంగుళంన్నర, రాతిగోడ మీదైతే మూడంగుళాలు. ఏ పొడవు చెక్కకైనా కొంచెం ఒంపు ఉంటుంది. ఆ ఒంపు వీపు పైకి ఉండేలా పెట్టాలి, బరువు పడ్డాక అది సమమవుతుంది. రెండు చెక్కల మధ్య నిర్మాణాలకు వాడే జిగురు పూసి, పొడవునా వరస తప్పించి బోల్టులు గానీ, ఈ పనికే చేసిన బలమైన స్క్రూలు గానీ బిగించాలి. మామూలు డ్రైవాల్ స్క్రూలు పెళుసు, అవి ఈ పనికి కావు. పగులు ఉన్న చోట మాత్రమే మూడడుగుల ముక్క అతికించి వదిలేసే పనివాళ్లు ఉంటారు. దారిలో గొట్టాలు, తీగలు అడ్డొస్తాయని చెబుతారు. నిజమే, అడ్డొస్తాయి. వాటిని కాసేపు విప్పి మళ్లీ బిగించడం ఆ పనిలో భాగమే. పూర్తి పొడవు పెట్టడం ఏ రకంగానూ కుదరకపోతే, ముక్క ఎంత పొడవుండాలో, ఎన్ని బోల్టులు పడాలో స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్కకట్టి చెప్పాలి.

దూలాలన్నీ బాగానే ఉండి, వాటి పొడవే ఎక్కువై నేల స్ప్రింగులా ఊగుతుంటే ఇంకో దారి ఉంది. నడుమ అడ్డంగా కొత్త పెద్ద దూలం వేసి, దాన్ని స్తంభాల మీద నిలపడం. ఒకే రకం బరువు పరుచుకుని ఉన్నప్పుడు, ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు పదహారో వంతుకు తగ్గుతుంది. ఇంత లాభం మరే పద్ధతిలోనూ రాదు. ఐతే ఆ స్తంభాల కింద నేల తవ్వి కాంక్రీటు పునాది వెయ్యాలి. లేకపోతే స్తంభమే దిగబడుతుంది, మొదటికొస్తాం.

కొత్త ఇళ్లవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఈమధ్య కట్టిన ఇళ్లలో నిండు చెక్కకు బదులు, అడ్డుకోత చూస్తే రైలు పట్టాలా కనిపించే తయారీ జాయిస్టులు ఉంటాయి. పైనా కిందా చదునైన పట్టీలు, నడుమ పలుచని పలక. ఆ పట్టీలను ఎట్టి పరిస్థితుల్లోనూ కొయ్యకూడదు, గాటు పెట్టకూడదు. నడుమ పలకలో రంధ్రం ఎక్కడ, ఎంత చెయ్యొచ్చో తయారీదారు పట్టికలో ఉంటుంది. అది దెబ్బతింటే పైన చెప్పిన తోడుదూలం పద్ధతి యథాతథంగా పనికిరాదు. ఇంజనీర్‌నే పిలవాలి.

ఇది సొంతంగా చేసే పనేనా అని అడిగేవాళ్లుంటారు. చూడడం, కొలవడం, నీరు ఆపడం మనం చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. బరువు మోసే చెక్కను ఎత్తడం, మార్చడం మాత్రం టౌన్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో పర్మిట్ తీసుకుని, ఇంజనీర్ కాగితం చేతిలో పెట్టుకుని చేయించండి. పర్మిట్ అంటే ఖర్చు, కాలయాపన అని చాలామంది తప్పించుకుంటారు. కానీ సీలింగ్ మూసెయ్యక ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడడం మన మేలుకే. ఆ ఇంట్లో పడుకునేది మన పిల్లలు. ఇంకొకటి. 1978కి ముందు కట్టిన ఇళ్లలో పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పాత సీలింగులు, గొట్టాల చుట్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. విప్పే ముందు పరీక్ష చేయించండి. విప్పే రోజుల్లో పసిపిల్లల్ని, గర్భిణుల్ని ఆ దరిదాపుల్లో ఉంచకండి.

దూలాన్ని నిర్లక్ష్యం చేస్తే నేల పల్లమై ఊరుకుంటుందని అనుకోవద్దు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఒక అపార్టుమెంట్ బాల్కనీ పుట్టినరోజు వేడుక మధ్యలో విరిగిపడింది. ఆరుగురు యువతీయువకులు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వేసవికి వచ్చిన విద్యార్థులు. ఆ భవనం కట్టి పదేళ్లయినా కాలేదు. బాల్కనీని మోసే చెక్క జాయిస్టుల్లోకి నీరు దిగి అవి లోపల చివికిపోయాయి, పైన పూత మాత్రం బాగానే ఉంది. 2018లో కాలిఫోర్నియా అలాంటి బాల్కనీలను ఎప్పటికప్పుడు తనిఖీ చెయ్యాలని చట్టం చేసింది. అంతకుముందు 2003 జూన్‌లో షికాగోలో ఇంటి వెనక చెక్క వరండాలు ఒకదాని మీద ఒకటి కూలి పదమూడు మంది చనిపోయారు. మనవాళ్లకు వేసవిలో డెక్ మీదే సగం జీవితం. గ్రిల్ అక్కడే, పుట్టినరోజులు అక్కడే, పిల్లల గెంతులు అక్కడే. డెక్ ఇంటిగోడకు కలిసే చోట ఉన్న పలకను మేకులతో మాత్రమే కొట్టారా, బోల్టులు ఉన్నాయా, దాని వెనక నీరు నిలుస్తోందా, ఇవి చూడకుండా యాభై మందిని దాని మీదికి పిలవకండి. ఇది బతిమాలి చెబుతున్న మాట.

మళ్లీ ఒకసారి ట్రూమన్ ఇంటి దగ్గరికి వెళదాం. అక్కడ మరమ్మతు ఎలా చేశారో తెలుసుకోవాలి. భవనాన్ని మొత్తం కూల్చి కొత్తది కట్టాలన్న వాదన కూడా వచ్చింది. కాంగ్రెస్ ఏర్పాటు చేసిన సంఘం బయటి రాతిగోడలు ఉంచాలని తేల్చింది. ఆ గోడల కింద 20 అడుగులకు పైగా తవ్వి, గట్టి కంకర పొర దాకా 126 కాంక్రీటు దిమ్మలు దించారు. లోపలంతా డొల్ల చేసి, 660 టన్నుల ఉక్కు చట్రం నిలబెట్టారు. గోడకు పెద్ద కంత పెట్టడానికి ట్రూమన్ ఒప్పుకోకపోవడంతో బుల్‌డోజర్‌ను ముక్కలుగా విప్పి లోపలికి తెచ్చి మళ్లీ బిగించారు. ఉంచాల్సిందేదో, మార్చాల్సిందేదో ముందే తేల్చుకుని, ఉంచాల్సినదానికి చిన్న గాటు కూడా పడకుండా కాపాడుకున్నారు. మన ఇంటి పనికీ అదే క్రమశిక్షణ కావాలి. కుంగిన దూలం మార్చే తొందరలో పక్కనున్న మంచి దూలానికి కొత్త గాటు పెట్టకూడదు.

ఆ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇంకొకటి. నేషనల్ పార్క్ సర్వీస్ ఫొటోగ్రాఫర్ ఆబీ రో ఆ పనినంతా ఫొటోలు తీశాడు. విప్పిన గోడలు, తవ్విన గోతులు, నిలబెట్టిన ఉక్కు, అన్నీ ఇవాళ్టికీ చూడగలుగుతున్నాం. దూలం కోసే ప్రతి పనివాడూ తరవాత వచ్చేవాడు చూసుకోవడానికి ఇలాంటిదొకటి మిగల్చాలి. ఎవరు ఎక్కడ కోశారో తెలియకపోతే తరవాతివాడు ఇంకో కోత కోస్తాడు.

కనుక శ్రోతలకు నా విన్నపం. మీ ఇంట్లో సీలింగ్ విప్పిన రోజున, మళ్లీ మూసెయ్యక ముందు, ప్రతి గది దూలాలనూ ఫొటో తీయండి. ఏ గొట్టం ఎక్కడ పోతోంది, ఏ దూలం కుంగింది, ఎంత ఎత్తారు, ఏ చెక్క వేశారు, ఎన్ని బోల్టులు పడ్డాయి, ఇంజనీర్ ఏమన్నారు, ఏ తేదీన ఏం జరిగింది, అంతా ఒక కాగితం మీద రాసి, ఇంజనీర్ డ్రాయింగులతో, పర్మిట్‌తో కలిపి ఒక ఫైల్‌లో పెట్టండి. ఇల్లు అమ్మిన రోజు తాళాలతో పాటు ఆ ఫైల్ కూడా కొన్నవాళ్ల చేతికివ్వండి. వాళ్లెవరో మనకు తెలియకపోవచ్చు. మన తర్వాత ఆ నేల మీద వాళ్ల పిల్లలు నడక నేర్చుకుంటారు. దూలం కుంగినప్పుడు మనకు దొరకని సమాధానం వాళ్లకు మొదటి రోజే దొరకాలి.

ఈ వారాంతంలో ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవర్, ఒక దారం ఉండ తీసుకుని కిందికి వెళ్లి మీ ఇంటిని మోస్తున్నవాటిని ఒకసారి చూడండి. అన్నీ బాగుంటే నిశ్చింతగా పైకి రండి. బాగాలేకపోతే కొత్త హార్డ్‌వుడ్ కోసం, కొత్త గ్రానైట్ కోసం దాచిన డబ్బులో మొదటి భాగం వాటికి ఖర్చుపెట్టండి.